ఫిరంగి మెడలు వంచిన అల్లుడు

ఇంగ్లండ్‌లో ఉన్న తెలుగువాళ్లు శని ఆదివారాల్లో గుడికో, ఎవరింటికో భోజనానికో వెళ్తారు. నేను పాత సామాన్ల సంతకు పోయి, మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఖాళీ ఫిరంగి షెల్ కేసులు కొనుక్కొస్తాను. అడుగు ఎత్తున ఉండే ఇత్తడి గొట్టాలు. మెట్ల పక్కన వరసగా నిలబెట్టాను. "అదే డబ్బుతో బిందెలు కొంటే నీళ్లన్నా పట్టుకునేవాళ్లం" అంటుంది మా ఆవిడ.

వాటిలో ఎక్కువ భాగం 18 పౌండర్‌వి. బ్రిటిష్ సైన్యం 1904లో చేతికి తీసుకున్న ఆ ఫిరంగి పశ్చిమ రంగంలోనే దాదాపు 10 కోట్ల గుండ్లు పేల్చింది, కనక కేసులకు కరువు లేదు. దొరికేది నాకెందుకు? నా కన్ను దాని చుట్టం మీద పడింది: 13 పౌండర్ 9 హండ్రెడ్‌వెయిట్. విమానాలు నెత్తి మీదికి రావడం మొదలయ్యాక, 18 పౌండర్ గొట్టంలో ఇంకో గొట్టం దూర్చి 3 అంగుళాలకు తగ్గించి, లారీ ఎక్కించి ఆకాశంలోకి గురిపెట్టారు. మందు పెద్ద ఫిరంగిది, గుండు చిన్న ఫిరంగిది. పెద్ద కేసులో చిన్న గుండు నిలవాలంటే కేసు మెడ సన్నం కావాలి. (9 హండ్రెడ్‌వెయిట్ అంటే ఫిరంగి గొట్టం బరువు, సుమారు 457 కిలోలు. ఇలాంటివి నేను భోజనాల దగ్గర చెప్తాను. మా ఇంట్లో భోజనాలు త్వరగా అయిపోతాయి.)

ఆ సన్న మెడ కేసు ధర విని, దాన్ని నేనే చేసుకుందామనుకున్నాను. 84 మిల్లీమీటర్ల మూతిని 76కు తేవాలి. ఎనిమిదే కదా! కానీ చుట్టుకొలతలో అది 25 మిల్లీమీటర్లు. అంటే అంగుళం ఇత్తడి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ఫ్యాక్టరీలో అది మందంలోకీ పొడవులోకీ సర్దుకుంటుంది. లేత్ మీద తీయించిన ఉక్కు వలయానికి గ్రీజు రాసి, కారు జాకీని ఇనుప చట్రంలో బిగించి నేను నొక్కితే, మూతి చుట్టూ పట్టుచీర కుచ్చిళ్లు పడ్డాయి.

యుద్ధకాలంలో ఇలాంటి కేసుల నడుములు నొక్కి, చారలు తీర్చి పూలకుండీలు చేసేవారు. ట్రెంచ్ ఆర్ట్ అంటారు. నా ఉద్దేశమూ అదేనని చెప్పి చూశాను. మా ఆవిడ నమ్మలేదుగానీ, గరిటెలు పెట్టుకోవడానికి పట్టుకుపోయింది.

లోపం నాలో ఉందని ఒప్పుకోకుండా లోహశాస్త్రం చదివాను. ఈ ఇత్తడి ఏడు పాళ్లు రాగి, మూడు పాళ్లు జింకు. నొక్కేకొద్దీ బిర్రబిగుస్తుంది, కాలిస్తే మళ్లీ దారికొస్తుంది. ఉక్కులా కాదు, నీళ్లలో ముంచినా మెత్తగానే ఉంటుంది. అడుగు గట్టిగానే ఉండాలి కాబట్టి, ప్రైమర్ ఎప్పుడో పేలిపోయిందని తెలిసినవాళ్లతో రూఢి చేయించుకుని, ఇంకో కేసును నీళ్ల ట్రేలో నిలబెట్టి మెడకు మాత్రం మంట తగిలించాను. ఆ మసక ఎరుపు చీకట్లోనే కనబడుతుంది. దీపాలార్పిన గ్యారేజీలో, గ్యాస్ టార్చితో, ఫిరంగి తూటా ముందు గొంతుక్కూర్చున్న నన్ను పక్కింటాయన చూశాడు. అప్పట్నుంచి ఎదురుపడితే మరీ మర్యాదగా పలకరిస్తున్నాడు.

కొంచెం నొక్కడం, కాల్చడం, మళ్లీ నొక్కడం. చివరికి మెడ లొంగింది. అయినా లోపల బిగువు మిగిలే ఉంటుంది. ఈ పాఠం బ్రిటిష్‌వాళ్లకు మన దేశమే నేర్పింది. అక్కడ వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటాలు వాటంతటవే పగిలేవి. ఇత్తడిలో మిగిలిన బిగువుకు గుర్రాల మూత్రం నుంచి లేచిన అమ్మోనియా తోడవడమే కారణమని 1921లో తేల్చారు. విరుగుడు ఏమిటంటే, 250 డిగ్రీలు దాటీ దాటని వేడిలో ఒక గంట. మా ఇంట్లో అంత నిలకడైన వేడి వంటింటి ఒవెన్‌లోనే ఉంది.

"ఏమండీ, ఇందులో ఏం పెట్టారు?"

"పద్దెనిమిది పౌండర్. అంటే, ఇప్పుడు పదమూడు."

"గంటలో అంత తగ్గుతుందా? అయితే మీరూ కాసేపు లోపల కూర్చోండి."

కాలి నల్లబడ్డ మెడను శుభ్రం చేయడానికి సిట్రిక్ యాసిడ్ తెప్పించాను. అది వచ్చేలోగా, తెనాలి నుంచి వచ్చివున్న మా అత్తగారు చింతపండు నానేశారు. ఆ ఒక్కదాన్నీ తోమి ఊరుకోలేదు. మెట్ల పక్క వరసంతా తోమేశారు. సేకర్తలు కళ్లకద్దుకునే వందేళ్ల గోధుమరంగు పొర సింకులోంచి పోయింది. కాల్చిన మెడ మాత్రం రాగి తేలి గులాబిరంగుకు తిరిగింది. అడుగున తయారీదారుల గుర్తులు, సంవత్సరాలు, మళ్లీ మందు నింపినప్పుడల్లా కొట్టిన ముద్రలు తళతళలాడుతున్నాయి. "ఎంత మురికి పట్టించారు బాబూ" అన్నారావిడ. మొదటిసారి అన్ని ముద్రలూ చదవగలిగానని ఆవిడకు చెప్పలేదు.

ఇక మిగిలింది నా నిజాయితీ. దూరం నుంచి చూస్తే నా 13 పౌండర్ అసలుదానిలాగే ఉంది. రేపు నా తదనంతరం ఎవడో అసలుదనుకుని కొని మోసపోతాడేమో! ఇది నకలు అని దానిమీదే ఎక్కడో రాసి ఉండాలి.

"పేరు కొట్టించండి బాబూ. నా సారె సామాను మీద మా నాన్నగారు అలాగే కొట్టించారు" అన్నారు అత్తగారు.

మా ఆవిడ కేసును చేతిలోకి తీసుకుని, వంకర మెడను అటూ ఇటూ తిప్పి చూసింది. "అమ్మ చెప్పింది నిజమేనండీ. మీ పేరే కొట్టించండి. లేకపోతే ఇదెవరో బ్రిటిష్‌వాళ్లు చేశారనుకుంటారు, పాపం."