మొటిమల యయాతి

పోయిన యౌవనమునకై వగచువారు లోకమున ననేకులు. దానిని మందుల దుకాణమున వెల యిచ్చి మరల దెచ్చుకొనువారు మాత్రము మన కాలపు సృష్టి. మండవల్లి ప్రాంతమున నట్టివారి కందఱకును ప్రతినిధిగా నొకరిని గ్రహించి యయాతిగారని పిలుచుకొందము. పురాణములోని యయాతి కన్నకొడుకు యౌవనమును యాచించి పుచ్చుకొన్నాడు గదా. ఈయన కొడుకు జోలికి బోక సూదిమందు నాశ్రయించెను గనుక, ధర్మదృష్టితో జూచిన నీయనయే మేలు.

ఏబదిరెండేండ్ల ప్రాయము, కొల్లేటి యంచున ముప్పది యెకరముల చేపల చెరువులు, సొగసుగా దువ్విన నల్లరంగు మీసము, ఆ మీసమునకు దిగువను, దవడల మీదను, చొక్కా విప్పినచో వీపు నిండను, ఇంటరు చదువు కుఱ్ఱవాడు సైతము చూచి యోదార్చదగినన్ని మొటిమలు: ఇదియే యయాతిగారి స్వరూపము.

ఆయనకు మందే అక్కఱలేదనుట అన్యాయము. నీరసముగా నున్నదని ఏలూరు వెళ్లినపుడు, ఉదయము పది గంటలలోపల రెండు మాఱులు రక్తము దీసి పరీక్షించి, టెస్టోస్టెరాను నిజముగనే తక్కువ యని తేల్చి, మూడు వారముల కొక సూది చొప్పున వైద్యులు వ్రాసి యిచ్చిరి. మూడు వారముల కొకటి యింత బలమిచ్చినపుడు వారమున కొకటి యెంత యిచ్చునో యను త్రైరాశికమును ఆయన స్వయముగా వేసికొనెను. పొడుచుటకు ఊరి ఆర్‌ఎంపీ ఉండనే యుండెను. 1889లో బ్రౌన్ సెకార్డను పండితుడు డెబ్బదిరెండేండ్ల వయస్సున కుక్కల వృషణముల రసమును, గినీపందుల రసమును తన యొంటికి సూదితో నెక్కించుకొని పడుచుదనము వచ్చినదని పారిసులో చాటెను. ఆ రసమున హార్మోను లేనట్లే యని తరువాత తేలినది. మన యయాతిగారి సీసాలోనిది అసలు సరుకు.

విచిత్రమేమనగా, చెరువు గట్టుమీద ఈయనంత లెక్క తెలిసినవాడు లేడు. చిల్లులు పెట్టిన సంచులలో తవుడు నింపి వ్రేలగట్టించి, బొచ్చెలును శీలావతులును ఎంత తిన్నవో సంచి తడిమి చూచిన గాని మఱునాటి మేత నిర్ణయింపడు; మబ్బు పట్టినచో మేత తగ్గించును; 1957లో హీరాలాల్ చౌధురి ఒరిస్సాలో చేపలకు పీయూషగ్రంథి రసమును సూదితో నిచ్చి గ్రుడ్లు పెట్టించిన నాటనుండి సాగుచున్న విద్యలో, తల్లిచేప కిలో బరువునకు మందెంతయో కంఠపాఠముగా నప్పగింపగలడు. తన తొంబది కిలోలకు మాత్రము లెక్క లేదు.

మొటిమలు లేచిన కొలదిని ఇంటిలో సిద్ధాంతములును లేచినవి. “ఏవండీ, వేడి చేసిందండీ. సబ్జా గింజలు నానబెట్టాను, తాగండి” అని యిల్లాలు. “వేడి కాదే, ఓపిక! బయటికి తన్నుకొస్తోంది” అని యయాతిగారు. వేపాకు నూరిరి, రొయ్యల కూర మాన్పించిరి. తుదకు దుకాణమువాడు చేతిలో బెట్టిన తెల్లని క్రీము రాచిన వారము దినములకు ముఖము నున్ననై, నెల తిరుగునప్పటికి మునుపటికంటె నెఱ్ఱగా పండినది. అందు స్టెరాయిడు కలిసియున్న సంగతి, గొట్టము మీది చిన్న యక్షరములు చదువు నలవాటు లేనివారి కెట్లు తెలియును?

చర్మవైద్యురాలు విప్పి చెప్పినదాని బట్టి, టెస్టోస్టెరాను చర్మమును జేరగానే అందలి 5-ఆల్ఫా రిడక్టేజను ఎంజైము దానిలో కొంత భాగమును మఱింత తీవ్రమైన డీహెచ్‌టీగా మార్చును; దానితో నూనెగ్రంథులు బలిసి, జిడ్డు పొంగి, మృతకణములతో గలసి రోమకూపములను బూడ్చగా, లోపల సూక్ష్మజీవులు పెరిగి వాపు లేచును. సూది వేసిన తొలి దినములలో హార్మోను పై కెగసి పిదప దిగవలెను. వారము వారము పొడిచినచో దిగుటకు వ్యవధియే లేదు.

“మూడు వారాల మేత ఒక్క వారంలో గుమ్మరిస్తారా అండీ, మీ చెరువులో?”

“అలా పోస్తే నీళ్లు కుళ్లిపోవూ, చేపలు తేలిపోవూ!” అని నవ్విన యయాతిగారు, సగములోనే నోరు మూసికొనిరి.

రక్తములో ఎఱ్ఱకణముల పాలు 54 శాతము దాటియుండుటచే సూది కొన్నాళ్లు నిలిచినది. పిదప తక్కువ మోతాదున జెల్లుకు మారవచ్చునట. రాత్రివేళ బఠాణీగింజంత అడాపలీను, పగలు 2.5 శాతము బెంజాయిల్ పెరాక్సైడు, లొంగనిచో కొన్ని వారములు డాక్సీసైక్లీను. ఐసోట్రెటినాయిన్ మాత్రము, కాలేయమును కొవ్వును పరీక్షించుచు ఇయ్యవలసిన కడపటి యస్త్రము. గిల్లుట యెప్పుడును కూడదు. “ఈ పెరాక్సైడు గుడ్డలకు అంటితే రంగు పోతుందండీ, జాగ్రత్త” అని కూడ ఆమె హెచ్చరించెను.

ఆ చివరి మాట ఆయన చెవి కెక్కలేదు. వీపున దట్టముగా బట్టించి, లక్కరంగు చొక్కా తొడిగి కైకలూరిలో పెండ్లికి వెళ్లగా, భోజనాల వేళకు వెనుక తెల్లని మచ్చలు దేలినవి. “ఏంటి బావా, చొక్కా వెలిసిపోయింది?” అని బావమఱది యడిగెను.

“కొత్త డిజైనురా. హైదరాబాదులో ఇప్పుడు ఇవే తొడుగుతున్నారు” అని చెప్పి, యయాతిగారు మఱియొక బూరె వేయించుకొనిరి.