జిగురుపువ్వు జాతి

విశాఖపట్నపు నర్సరీలలో కొంతకాలంగా ఒక కొత్త వృక్షజాతి విరివిగా కనిపిస్తున్నది. గుప్పిట్లో ఇమిడే కుండీ, అందులో ఒక ముళ్ళబంతి, ఆ బంతి నడినెత్తిన ఎర్రగానో పసుపుగానో విచ్చుకున్న పువ్వు. ఈ పువ్వు నెలలు గడిచినా ఎండకు వాడదు, వానకు రాలదు. కారణం సుస్పష్టం: అది ఆ మొక్కకు పూసినది కాదు. ఎక్కడో పూసి, ఎండి, కాగితంలా గలగలలాడే వేరొక మొక్క పువ్వును తెచ్చి, వేడి జిగురుతో కాక్టస్ నెత్తిన అతికిస్తారు. వృక్షశాస్త్రం ఈ మొక్కను ఇంకా నమోదు చేసుకోలేదు గనుక, ప్రస్తుతానికి దీనిని ‘జిగురుపువ్వు జాతి’ అని వ్యవహరించడమైనది. కాక్టస్ పెరిగేది సరిగ్గా నడినెత్తి నుంచే అన్న సంగతి తెలిసినవారికి, అక్కడ జిగురు పోయడమంటే పసిబిడ్డ మాడు మీద లక్కముద్ర వేయడమని వేరే చెప్పనక్కరలేదు. పువ్వు సంగతి అలా ఉంచి, కనీసం మొక్క పేరేమిటని అడిగితే ‘కాక్టసండి’ అన్న సమాధానం వస్తుంది. కాక్టస్‌లో ఏ రకమని రెట్టిస్తే ‘పువ్వు కాక్టసండి’ అని వస్తుంది. మూడోసారి అడిగేవాడిని ఏ నర్సరీలోనూ కొనుగోలుదారుగా లెక్కించరు.

కాక్టస్‌ను గుర్తించడానికి చూడవలసినది ముల్లును కాదు, ముల్లు కూర్చున్న పీటను. శాస్త్రజ్ఞులు అరియోల్ అని పిలిచే ఈ పీట, కాండం మీద నూగుతో నిండిన చిన్న దిండులా ఉంటుంది; ముళ్ళు, పువ్వులు, కొత్త కొమ్మలు అన్నీ అక్కడి నుంచే పుడతాయి, అది లేని మొక్క ఎంత గుచ్చినా కాక్టస్ కాదు. పొలం గట్ల మీద కంచెగా నిలిచే బొంతజెముడు, కాడజెముడు వంటివి వరసకు ఆముదం చెట్టు చుట్టాలు. వాటికి ఈ దిండు ఉండదు, గిల్లితే తెల్లని పాలు కారతాయి, ఆ పాలు కంట్లో పడితే పరిశోధన ఆసుపత్రిలో ముగుస్తుంది. నాగజెముడు మాత్రం నికార్సయిన కాక్టస్, అంతే నికార్సయిన పరదేశి. ఒక్క జాతిని మినహాయిస్తే కాక్టస్ కుటుంబమంతా అమెరికా ఖండాలదే. ఇంత తేడా ఉన్నా తెలుగువాడు ముఖాలు చూసి అందరికీ ‘జెముడు’ అనే ఒకే ఇంటిపేరు పెట్టేశాడు. ‘బ్రహ్మజెముడు’ అన్న పేరయితే ఒక ఊళ్ళో ఒక మొక్కకూ, పక్క ఊళ్ళో మరొక మొక్కకూ చెల్లుతుంది, రెండు ఊళ్ళవారూ పక్క ఊరివాళ్ళదే తప్పంటారు. 1971లో కృష్ణ గుర్రమెక్కి వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ తరువాత ఎడారి, టోపీ, తుపాకి, కాక్టస్ తెలుగు ప్రేక్షకుడి మనసులో ఒకే బొమ్మగా స్థిరపడ్డాయి గాని, ఆ చిత్రానికి ఎడారిగా పనికివచ్చిన రాజస్థాన్ థార్‌కు స్వంత కాక్టస్ అంటూ ఒక్కటీ లేదు. అక్కడ కాక్టస్‌లా నిలబడి మోసగించేది కూడా ఆ పాలు కారే చుట్టమే.

పేరు తెలియకపోతే ఏం మునిగిందని అడిగేవారికి ఒక పాత కథ చెప్పవలసి ఉన్నది. అది కాస్త దూరం పోతుంది. కొచినీల్ అనేది నాగజెముడు మీద బతికే చిన్న పురుగు. దానిని ఎండబెట్టి నూరితే గాఢమైన ఎరుపు రంగు వస్తుంది, ఆ రంగు వ్యాపారం మెక్సికోను ఏలే స్పెయిన్ గుప్పిట్లో ఉండేది, అందువల్ల ఈస్టిండియా కంపెనీకి నిద్ర పట్టేది కాదు. 18వ శతాబ్దం చివర మద్రాసులో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్, పురుగులు ఎప్పటికైనా రాకపోతాయా అన్న ఆశతో, సైదాపేటలో నాగజెముళ్ళకు ఏకంగా తోట వేయించాడు. రైతు నరికి పారేసే మొక్కకు పాదులు, నీళ్ళు, కంపెనీవారి ఆదరణ దక్కాయి. విందు వండి వార్చి పెళ్ళివారి కోసం వీధి వైపు చూసినట్టుగా ఉండేది ఆ తోట పరిస్థితి. చివరికి 1795లో కెప్టెన్ నీల్సన్ అనే ఆయన బ్రెజిల్‌లోని రియో డి జెనీరో నుంచి పురుగులను పట్టుకుని కలకత్తా చేరాడు. అప్పటికి కలకత్తా వృక్షోద్యానం విలియం రాక్స్‌బర్గ్ చేతిలో ఉన్నది; ఆయన అంతకు రెండేళ్ళ ముందు వరకూ మన సామర్లకోటలో మొక్కలు పెంచినవాడే. పెళ్ళివారు దిగారు, తిన్నారు, సంతానాన్ని పెంచారు. ఎరుపు మాత్రం నాసిగా వచ్చింది. వచ్చినది అసలు కొచినీల్ కాదు, అడవిలో తిరిగే దాని దాయాది.

రంగు రాలేదు గాని, ఒక జాతి నాగజెముడు ఈ పురుగుల వాత పడి దేశంలో చాలా చోట్ల తుడిచిపెట్టుకుపోయింది. అది గమనించినవారు 1830లలో అదే పురుగును, ఈసారి కావాలనే, దక్షిణాదికి తెచ్చారు. కలుపుమొక్కను పురుగుతో అణచడంలో ప్రపంచానికి ఇదే తొలి విజయమని గ్రంథాలు ఇప్పటికీ రాస్తున్నాయి. పొరపాటుకు ఇంత మంచి పేరు మరెక్కడా దొరకలేదు. అయితే ఆ పురుగు తనకు నచ్చిన జాతిని తిన్నదే తప్ప పక్కన ఉన్న రెండో జాతి నాగజెముడును వాసన కూడా చూడలేదు. మనుషులకు రెండూ ఒకటే గాని పురుగుకు తేడా తెలుసు. ఆ రెండో దాని కోసం 1926లో సింహళం మీదుగా మరో పురుగును రప్పించవలసి వచ్చింది. విషయం విశాఖ నర్సరీ కదా అని గొణిగే పాఠకుడి కోసం విశాఖకే వద్దాం. 1780లలో ఈ ఊళ్ళో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఇక్కడి చేపలు రెండు వందలను బొమ్మలతో సహా వర్ణించి 1803లో పుస్తకం వెలువరించినప్పుడు, వాటిలో చాలావాటికి స్థానికుల నోట విన్న పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అంటే ఆనాడు ఈ తీరంలో చేప పేరు అడిగితే ‘చేపండి’ అని ఎవరూ అనలేదు.

ఇక పెంపకం. మెక్సికో ఎడారిలో పుట్టిన మొక్కకు విశాఖ చేసే ప్రధాన అపకారం ఆదరణ. ఇక్కడ ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైబడి వాన పడుతుంది, అక్కడ చాలా చోట్ల అందులో మూడో వంతు కూడా పడదు. ఆ మొక్క ఏడాది పొడుగునా తాగేది ఇక్కడ ఒక్క తుపాను ఒకటి రెండు రోజుల్లో పోసి పోతుంది. అది చాలదన్నట్టు, ఇంటికి వచ్చిన ప్రతి బంధువూ ‘అయ్యో, మొక్క ఎండిపోతోంది’ అని చెంబు ఎత్తుతారు. వేరు కుళ్ళిన కాక్టస్ వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. చనిపోయిన సంగతి ముఖంలో తెలియనివ్వని మొక్క ఇంకొకటి లేదు. ఇసుక కలపాలని ఎవరో చెప్పగా బీచ్ నుంచి సంచితో తెచ్చుకునేవారికి, అందులో ఉప్పు ఉంటుందనీ, కావలసినది ఏటి గరుకు ఇసుక, ఇటుక ముక్కలు అనీ ఆలస్యంగా తెలుస్తుంది. ముళ్ళమొక్క ఇంటికి అరిష్టమని చెప్పే వాస్తు పండితులు గులాబీకి మినహాయింపు ఎందుకు ఇచ్చారో వివరించరు. వీటన్నిటినీ దాటి బతికిన మొక్క మీద గాలి మోసుకొచ్చే నల్లని, ఎర్రని ధూళి దిగుతుంది. ఆకు మీది దుమ్మును గుడ్డతో తుడవవచ్చు గాని ముళ్ళ మధ్య దుమ్మును తుడవడానికి పళ్ళు తోముకునే బ్రష్షు, ఒక ఆదివారం, నాలుగు గుచ్చుకున్న వేళ్ళు కావాలి. ఈ ధూళి ఎవరిదని అడిగితే గాలిదంటారు. గాలికి చిరునామా లేదు.

ఎరుపుకు సంబంధించి మరొక లెక్క కూడా ఉన్నది. 1960ల నుంచి బైలదిల్లా ఇనుప గనుల ఎర్ర ఖనిజం ఇక్కడి రేవు గుండా జపానుకు వెళ్ళింది. బదులుగా అన్నట్టు ఈ నర్సరీలకు చేరిన ఎర్ర తల మొక్క పుట్టినిల్లు కూడా జపానే. పరాగ్వే దేశపు కాక్టస్‌లో పత్రహరితం, అంటే ఆహారం వండుకునే పచ్చదనం, లేకుండా పుట్టిన మొలకను 1941లో జపానులో వేరొక కాక్టస్ మోడు మీద అంటుకట్టి బతికించారు. కింది మొక్క వండుతుంది, పై మొక్క తిని అందంగా కూర్చుంటుంది. ఈ ఏర్పాటు తెలుగు కుటుంబాలకు బొత్తిగా కొత్తది కాదు.

గుండ్రంగా, బంగారు ముళ్ళతో ఉండే కాక్టస్‌ను ఇంగ్లీషువారు ‘అత్తగారి ఆసనం’ అంటారు. ఈ పేరు వినగానే నవ్వని కోడలు విశాఖలో లేదు. దాని స్వస్థలం మెక్సికోలోని కెరెతారో, హిదాల్గో ప్రాంతాల లోయలు. 1990లలో అక్కడ సిమాపాన్ ఆనకట్ట కట్టినప్పుడు ఆ లోయలో అది పెరిగే చోట్లు చాలావరకు నీట మునిగాయి. ఇప్పుడు ఆ మొక్క ప్రపంచమంతటా మేడల మీద లక్షలుగా ఉన్నది, పుట్టినచోట మాత్రం అంతరించే ప్రమాదంలో ఉన్నది. ఉక్కు కర్మాగారానికీ, రేవుకూ, నౌకాదళానికీ ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయిన ఈ నగరంలో, సొంత ఊరి పేరు అడిగితే ఒక్క క్షణం ఆగి కాలనీ పేరు చెప్పే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. పేరు లేని కుండీ ముందు నిలబడినప్పుడు ఆ ఆగడం గుర్తుకు వస్తుంది.

నర్సరీవారికి ఒక్క మనవి: పువ్వు అతికించగా మిగిలిన జిగురులో ఒక చుక్క వేరుగా ఉంచి, దానితో కుండీకి మొక్క పేరు రాసిన చీటీ అతికించండి.