పళ్లెం తీస్తే పది పాయింట్లు

సముద్రం దాటేదెవరని వానరులంతా తర్జనభర్జన పడుతుంటే హనుమంతుడంతటివాడు ఓ పక్కన మాట్లాడకుండా కూర్చున్నాడు. జాంబవంతుడు వచ్చి నువ్వు ఇంతవాడివి, అంతవాడివి అని పొగిడాకే లేచాడు. ఆ స్వామి పేరు పెట్టుకున్న హనుమాన్ జంక్షన్‌లో ఇప్పుడు పదేళ్ల పిల్లాడి చేత తిన్న పళ్లెం సింకులో వేయించడానికి ఇంటిల్లిపాదీ జాంబవంతులవుతున్నారు. ఆయనకి ఒక్కసారి చెబితే సరిపోయింది. వీడికి పూటపూటా చెప్పాలి. పైగా వీడు వెళ్లాల్సింది లంకకి కాదు, వంటింట్లోకి.

"పనిని ఆటగా మార్చండి" అన్నది ఈ మధ్య మంత్రం. ఆదివారం అనుబంధాలూ, ఫోన్లో అర నిమిషం వీడియోలూ అదే పాట. అది విని నూజివీడు రోడ్డు వైపు ఓ తండ్రి ఫ్రిజ్జు తలుపు మీద పట్టిక అంటించాడు. పళ్లెం తీస్తే పది, దుప్పటి మడతేస్తే పదిహేను, ఆరిన బట్టలు తెస్తే ఇరవై. వంద దాటితే అరగంట ఫోను. మొదటి వారం ఇల్లు అద్దంలా ఉంది. రెండో వారం అబ్బాయి మడతపెట్టిన దుప్పటే విప్పి, మళ్లీ మడతపెట్టి, ఇంకో పదిహేను వేయించుకున్నాడు. మూడో వారం వాళ్లమ్మ "ఒరేయ్, కాస్త మంచినీళ్లు అందుకోరా" అంటే "అది లిస్టులో లేదమ్మా" అన్నాడు. మన కాలవల్లో పూడిక తీసే కాంట్రాక్టర్లకి ఏళ్ల అనుభవంతో వచ్చిన తెలివి వీడికి పుట్టుకతోనే అబ్బింది: నీళ్లు వదిలే ముందురోజు పని మొదలెట్టడం, అంచనాలు పెంచమనడం, ఒకే పనికి రెండు బిల్లులు పెట్టడం. తండ్రి మాత్రం కొడుకు సివిల్ ఇంజనీరవుతాడని మురిసిపోతున్నాడు.

పిల్లాణ్ణి అని లాభం లేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో మార్క్ లెప్పర్, మరో ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగం ఒకటి 1973లో అచ్చయింది. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి, చెప్పినట్టే ఇచ్చారు. కొన్నాళ్లాగి మామూలు రోజున రంగుపెన్నులు ముందు పెడితే, మిగతావాళ్లకన్నా ఆ పిల్లలే తక్కువసేపు గీశారు. కూలి ఆగితే పని ఆగుతుందని డెల్టాలో ఏ ముఠామేస్త్రీని అడిగినా చెప్పేవాడు.

ఈ చుట్టుపక్కల పని ఆటగా సాగిన రోజుల్లో దాన్ని ఎవరూ ఆట అనలేదు. మే నెలలో ఆవకాయ పెట్టే రోజు సంగతే తీసుకోండి. నూజివీడు తోటల నుంచి పుల్లటి గట్టి కాయలు బస్తాల్లో దిగేవి. (2022లో నూజివీడు ఏలూరు జిల్లాకి వెళ్లిపోయింది. ఆ జీవో కాయలదాకా అందినట్టు లేదు, పులుపేం తగ్గలేదు.) కడిగి, తుడిచి, ఆరబెట్టి, పెద్ద కత్తిపీట మీద టెంకతో సహా ముక్కలు కొట్టించేవారు. అక్కణ్ణుంచి పిల్లల రాజ్యం. చాప పరిచి తలా ఒక పాత నూలుచీర ముక్క ఇచ్చేవారు. మామిడిముక్క తీసుకోవాలి, లోపలి జీడి పెరికేయాలి, టెంకకి అంటుకున్న పల్చటి పొరని గోటితో లాగాలి, పొడిగుడ్డతో తుడిచి అవతలి గంపలో వేయాలి. పొర మధ్యలో తెగితే చిరాకు. ఒకే ముక్కగా ఊడివస్తే ఆ పూటకి వాడే మొనగాడు. జీడిని వేళ్ల మధ్య నొక్కి ఎదుటివాడి ముఖం మీదికి పేల్చడం మాత్రం ఎవరూ నేర్పక్కర్లేదు. తడిచేత్తో ముక్క ముట్టుకున్నారా, వీపు విమానం మోతే. ఎందుకంటే ఏడాదంతా తినాల్సిన జాడీ బూజు పట్టడానికి ఒక్క తడిముక్క చాలు. అంటే ఇంటిల్లిపాది ఏడాది తిండిని ఎనిమిదేళ్ల పిల్ల చేతిలో పెట్టారన్నమాట. ఏ వీడియో గేములోనూ ఇంత పెద్ద పందెం ఉండదు. కూలి కూడా అక్కడికక్కడే: ఆవకాయ కలిపిన బేసిన్లోనే వేడన్నం వేసి, నెయ్యి పోసి కలిపి పెట్టిన ముద్ద.

ఇప్పుడు ఆవకాయ డబ్బాలో వస్తోంది. పిల్లలు ఏసీ గదిలో, ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్లో ఉన్నారు. "నువ్వు చదువుకో నాన్నా, నేను తీస్తాలే" అని పదేళ్లపాటు పళ్లెం ముట్టనివ్వని తల్లి, పదకొండో ఏట వాడికి ఏ పనీ రాదని గుర్తించి, డబ్బు కట్టి వేసవి శిబిరంలో వేస్తుంది. అక్కడ పిండి కలిపిస్తారు, మొక్కలకి నీళ్లు పోయిస్తారు, ఫోటోలు తీసి తల్లుల వాట్సాప్ గ్రూపులో పెడతారు. అదే పిల్లాడి చేత బడిలో మామూలు రోజున చీపురు పట్టిస్తే ఇదే తల్లులు గేటు ముందు ధర్నా చేస్తారు. ఫీజు కట్టి ఊడిస్తే నైపుణ్యం, ఊరికే ఊడిస్తే అవమానం.

1907లో రోములో పేదపిల్లలకి బడి పెట్టిన మరియా మాంటిస్సోరి, పిల్లలు బొమ్మలు పక్కన పడేసి నిజం పనిలో పడుతున్నారనీ, బహుమతులిచ్చినా పెద్దగా పట్టించుకోవడం లేదనీ గమనించింది. ఆవిడ 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం మూలాన 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయింది. ఇప్పుడు ఆవిడ పేరు సందుకో బోర్డు మీద ఉంటుంది. ఆ పేరుతోనే బుల్లి చీపురు, బుల్లి చేట, బుల్లి బకెట్ కలిపి ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. ఇంట్లో తలుపు వెనకున్న అసలు చీపురు మాత్రం పనమ్మాయిది.

ఇక్కడ ఒక సంగతి మింగేస్తే అన్యాయం. ఆవకాయ చాప మీద మగపిల్లలు జీడి పేల్చుకుని లేచిపోయేవాళ్లు. గంప నిండేదాకా కూర్చున్నది ఆడపిల్లలే. లక్కపిడతలు కొనిపెట్టింది వాళ్లకే. ధనుర్మాసంలో తెల్లారకుండా లేపి ముగ్గు వేయించింది, పేడ తెప్పించి గొబ్బెమ్మలు చేయించింది వాళ్ల చేతే. పనిని ఆటగా మార్చే విద్య మనకి కొత్తేం కాదు, తరతరాలుగా సగంమంది పిల్లల మీద ప్రయోగిస్తూనే ఉన్నాం. 2019లో కేంద్ర గణాంకశాఖ ఆరేళ్లూ ఆపైన ఉన్నవాళ్లు రోజంతా ఏం చేస్తున్నారో లెక్క తీసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లకి దాంతో రోజుకి 299 నిమిషాలు పోతుంటే, చేసే మగవాళ్లకి 97. అదీ చేసేవాళ్లకి. అలాంటి మగవాళ్లు నూటికి 26 మందే. మిగిలిన 74 మంది తిన్న పళ్లెం ముందే కూర్చుని, ఎవరైనా తీస్తారేమోనని చూస్తున్నారని నా అనుమానం. నూజివీడు రోడ్డు ఇంట్లో పట్టికలోనూ నాన్న పేరుతో గడి లేదు.

ఈ 74 మందిని కదిలించగలిగింది నాకు తెలిసి గన్నవరంలో ఎక్కే విమానం ఒక్కటే. జంక్షన్లో ఉన్నన్నాళ్లు మంచం మీదికే కాఫీ తెప్పించుకున్న కొడుకు, డాలస్‌లో దిగాక శనివారం గడ్డి కోస్తాడు, బాత్రూములు కడుగుతాడు, డిష్‌వాషర్లో గిన్నెలు సర్దుతాడు. చూసొచ్చిన తల్లి "నా బిడ్డ అంట్లు తోముతున్నాడు వదినా" అని బజారంతా చెప్పుకుని కుమిలిపోతుంది. ఆ బిడ్డకి ముందు ఇక్కడ ఆ అంట్లు ఎవరు తోమారో ఆవిడకి గుర్తు రాదు.

కిందటి సంక్రాంతికి అలాంటి కుటుంబమే ఒకటి మా వీధిలో దిగింది. అరిసెలు, గారెలు, కోడికూరతో భోజనాలయ్యాయి. ఏడేళ్ల మనవరాలు లేచి తన పళ్లెం తీసుకుని పెరట్లోకి నడిచింది. నాయనమ్మ పరిగెత్తుకెళ్లి లాక్కోబోతే ఇవ్వలేదు. కడిగి, గట్టు మీద బోర్లించి వచ్చి, ఎంగిలిచేయి ఎండబెట్టుకుంటూ ఎడంచేత్తో ఫోను చూస్తున్న తండ్రి దగ్గర నిలబడింది.

"డాడీ, ఇవాళ డిషెస్ నీ వంతు కదా?"

తండ్రి తలెత్తలేదు. నాయనమ్మే "వాడు సెలవు పెట్టుకుని వచ్చాడమ్మా" అని, వంగి ఆ పళ్లెం కూడా తీసింది.