పీలికల పిన్ని

పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ వీధంతా కేకలేసుకుంటూ వచ్చి, పీలికల పిన్ని గుమ్మం దగ్గర మాత్రం గొంతు తగ్గించుకుని దాటిపోతుంది. కారణముంది. ఒకసారి బేరానికి కూర్చోబెట్టి, పిన్ని తనవైపు నుంచి ఒక్క గుడ్డా ఇవ్వకుండా, ఆవిడ మూటలోంచే వెంకటగిరి చీర చెంగు ఒకటి లాగేసుకుంది. బదులుగా ఇంట్లోంచి ఒక స్టీలు గిన్నె పోయింది.

ఇలాంటి పిన్ని ప్రతి వీధికీ ఒకరుంటారు. టైలరుకు జాకెట్టిచ్చి కొలతలు చెప్పి ఊరుకోదు. "కత్తిరింపులన్నీ కవర్లో వేసియ్యి నాయనా, చంకముక్కలతో సహా" అంటుంది. దివాను కింద మూటలు, అటక మీద మూటలు. పేరంటాళ్లలో చేతులు మారీ మారీ ఎవరూ కుట్టించుకోని రవిక గుడ్డలు చివరికి చేరేది ఆ ఇంటికే. అవి పల్చన గనక లైనింగుకు పనికొస్తాయని ఆవిడ తీర్పు, పనికొస్తాయి కూడా. ఇన్ని మూటలున్న ఇంట్లో, బాబాయిగారు స్కూటరు తుడుచుకుందామని ఒక్క ముక్క అడిగితే లేదు. జేబురుమాలుతో తుడుచుకుంటారు.

కొత్త ముక్క రాగానే ముందు అగ్నిపరీక్ష. ఒక పోగు లాగి స్టవ్వు మంటకు చూపిస్తుంది. కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలితే నూలు; కరిగి నల్లపూసలా గట్టిపడితే పాలిస్టరు. నూలు బొంత మూటలోకి, పాలిస్టరు సంచుల మూటలోకి. ఆ వాసనకు పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొట్టిన రోజులున్నాయి.

ఆవిడ మొదటి దిండు గలీబు కథ చెప్పుకోవాలి. దిండు పొడవు 27 అంగుళాలు. నాలుగంగుళాల చదరాలు ఏడు వరసగా పేరిస్తే 28, ఒక అంగుళం మిగులు కూడాను అనుకుంది. ప్రతి ముక్కకూ రెండు పక్కలా పావంగుళం చొప్పున కుట్టులోకి పోతుందని తట్టలేదు. ఒక్కో చదరం మూడున్నరకు దిగింది, వరస ఇరవైనాలుగున్నర దగ్గర ఆగింది. దిండు కొస బయటే. అది ఇప్పుడు మిక్సీ మీద తొడుగు. చూసినవాళ్లతో "మిక్సీ కోసమే కుట్టా" అంటుంది.

ఆ దెబ్బతో మరి తొందరపడలేదు. ఎర్రగుడ్డయితే రెండుసార్లు ఉతికి రంగు దిగదని చూశాకే కత్తెర పడుతుంది. బొంత దగ్గరయితే మరీ నిష్ఠ. పసిపిల్లల పక్కబొంతకు కొత్తగుడ్డ రానివ్వదు; ఏళ్ల తరబడి ఉతికిన నూలుచీరే కావాలి, అంత మెత్తన మరోదానికి రాదు. చీరను నాలుగు మడతలు చేసి నేల మీద పరిచి, ముడతలు లేకుండా అరచేత్తో నిమిరి, మూలలకు చెంబులు బరువు పెట్టి, అంచు నుంచి కుట్టుకుంటూ లోపలికి చుట్టూ తిరుగుతుంది. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు కుట్టే కవందిదీ అదే వరస. వాళ్లు నాలుగు మూలలా గుడ్డమడతల పువ్వులు పెడతారు; అవి లేకపోతే బొంత దిసమొలతో ఉన్నట్టే వాళ్ల లెక్క. ఇది విన్నాక పిన్ని కూడా పువ్వులు మొదలుపెట్టింది. ఆ పువ్వులు ఇల్లు దులిపేటప్పుడు ఇంకా దొరుకుతున్నాయి.

అమెరికా నుంచి కోడలు ఫోను చేసి అలబామాలో జీస్ బెండ్ అనే ఊరి సంగతి చెప్పింది. అక్కడి నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన బొంతలను మ్యూజియం గోడలకు వేలాడదీశారనీ, 2006లో ఆ దేశపు తపాలాశాఖ వాటి బొమ్మలతో పది స్టాంపులు వేసిందనీ.

"గోడకు తగిలిస్తే మరి కప్పుకునేదేమిటే?" అంది పిన్ని.

అన్నదే గానీ, ఆ సాయంత్రం బాబాయిగారి పాత జీన్సు ప్యాంటు దండెం మీద కనబడలేదు. ఆయన దాన్నింకా వేసుకుంటున్నారు.

ఇప్పుడు మనవరాలి బొంత నడుస్తోంది. పచ్చా నీలం బోలెడున్నాయి, ఎరుపే చాలడం లేదు. ఈ వారం మీరేదైనా ఎర్రజాకెట్టు కుట్టించుకుంటుంటే కత్తిరింపులు అడిగి తెచ్చుకోండి. చంకముక్కలైనా సరే.