పెట్టె పుట్టింటికెళ్ళింది

పారిస్‌లో విమానం దిగాక యూనిఫారం వేసుకున్న ఒకాయన నా పెట్టె మూత తీయించాడు. మెట్ల వంక చూశాడు, తిత్తి వంక చూశాడు, నా వంక చూశాడు, ఫ్రెంచిలో ఏదో అడిగాడు. ఇలాంటి గండం ఒకటి వస్తుందనే మా బావ ఫోనులో నాకో వాక్యం నేర్పించాడు. యానాం నుంచి హైదరాబాదు దాకా బస్సులోనూ, అక్కణ్ణుంచి పారిస్ దాకా విమానంలోనూ దాన్నే వల్లె వేసుకుంటూ వచ్చాను.

"సె తా వూ" అన్నాను. 'ఇది మీదేనండీ' అని అర్థం.

హార్మోనియం పుట్టిందే ఫ్రాన్సులో కదా, ఆ చరిత్రంతా ఒక్క ముక్కలో తేల్చేద్దామని మా ఉద్దేశం. ఆయనకి మాత్రం అది వేరేగా తగిలింది. రెండడుగులు వెనక్కి వేసి, రెండు చేతులూ అడ్డంగా ఊపేశాడు. డ్యూటీలో ఉండగా కానుకలు పుచ్చుకోడట. ఇంకొకాయన్ని పిలిచాడు. ఆ ఇంకొకాయన నన్ను వాయించి చూపించమన్నాడు. హరిశ్చంద్రుడి కాటిసీను ఎత్తుకున్నాను. రెండు నిమిషాల్లో వదిలేశారు. నా వాయిద్యం నచ్చిందని నేనంటాను. వెనక క్యూ పెరిగిపోయిందని మా బావంటాడు.

ఆయన తప్పేం లేదు. పుట్టింటివాళ్ళే మర్చిపోయిన పిల్ల ఇది. 1840ల మొదట్లో పారిస్‌లో అలెగ్జాండ్ర్ దెబాన్ అనే ఆయన పేటెంటు తీసుకుని, హార్మోనియం అని పేరు పెట్టాడు. పైపు ఆర్గాను కొనే తాహతు లేని చిన్న చర్చిలకి ఇది చాలా కలిసొచ్చింది. అప్పట్లో దీన్ని కాళ్ళతో తొక్కేవారు. ఓడలెక్కి మన దేశం వచ్చాక, 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ కాళ్ళు తీసేసి చేతితిత్తి పెట్టాడు. నేల మీద కూర్చునే జనానికి కుర్చీలో కూర్చుని తొక్కే పెట్టె ఎందుకని కాబోలు. అలా కాళ్ళు పోయినా పిల్ల బాగానే కాపురం చేసుకుంది. భజనల్లోకి వెళ్ళింది, నాటకాల్లోకి వచ్చింది, మా ఇంట్లోకీ వచ్చింది. అత్తింట్లో మాత్రం సుఖపడిందా? గమకాలు పలకవు, మన సంగీతానికి పనికిరాదు పొమ్మని 1940లో ఆలిండియా రేడియో గుమ్మం మూసేసింది. ముప్ఫయ్యేళ్ళు తెరవలేదు. ఆ ముప్ఫయ్యేళ్ళూ మా నాన్న రేడియో పెట్టలేదు. రేడియోకి అదేమన్నా తెలిసిందా అంటే చెప్పలేను.

నాకు యాభై ఎనిమిదేళ్ళు. పద్యనాటకాలకి హార్మోనిస్టుని. ఈ వయసులో మొదటి ఆల్బం ఏమిటి, అదీ ఫ్రాన్సులో ఏమిటి అని మా ఆవిడ కూడా అడిగింది. దానికి కారణం మా బావ, అంటే మా మేనత్త కొడుకు. 1962లో యానాం కాగితాల మీద కూడా ఇండియాలో కలిసిపోయినప్పుడు, ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవాలనుకునేవాళ్ళు ఆర్నెల్లలోగా రాసివ్వొచ్చన్నారు. వాళ్ళ నాన్న రాసిచ్చాడు. మా నాన్నకీ రాయాలనే ఉండేదిట గానీ, ఆ ఆర్నెల్లూ నాటకాల సీజను. అందుకని బావ పారిస్ శివార్లలో పెన్షను తీసుకుంటున్నాడు, నేను మురమళ్ళ తీర్థంలో రాత్రి రెండింటికి దోమలు తోలుకుంటూ శ్రుతి పట్టుకుంటున్నాను.

ఆ బావ ఒకరోజు ఫోను చేశాడు.

"ఒరేయ్, ఇక్కడ పల్లెటూళ్ళో రికార్డింగు పెట్టుకోవడం మహా గొప్ప. ఎల్టన్ జాన్ అంతటివాడు వచ్చి హెరూవిల్ అనే ఊళ్ళో కోటలో కూర్చుని చేశాడు. 1972లో వచ్చిన ఆల్బంకి ఆ కోట పేరే తగిలించాడు, 'హాంకీ షాటో' అని. డేవిడ్ బోయీ వచ్చాడు. బీజీస్ వచ్చారు."

నిజమే. ఒక సినిమా సంగీత దర్శకుడు ఆ కోట కొని, 1969లో అందులో స్టూడియో పెట్టాడు. ఒక పడగ్గదిలో దయ్యం ఉందని బోయీ అందులో పడుకోనన్నాడని ఆయన ప్రొడ్యూసరే చెప్పాడు. నాకు ఆ భయం లేదు. ముప్ఫై అయిదేళ్ళుగా కాటిసీనుకి వాయిస్తున్నవాణ్ణి, నన్ను చూసి దయ్యమే గది ఖాళీ చేస్తుంది. ఊరంతా చెప్పుకున్నాను, కోటలో రికార్డింగని. టీ కొట్టు దగ్గర నాకు ఆ వారం డబ్బులు తీసుకోలేదు.

తీరా చూస్తే అది కోట కాదు, కొట్టం. బావ ఫోనులో ఏమన్నాడో, నేనేం విన్నానో, ఇప్పటికీ తేలలేదు. పారిస్ నుంచి దక్షిణంగా రైల్లో మూడు గంటల దాకా వెళ్ళి, లా సూతెరేన్ అనే స్టేషన్లో దిగి, ఇంకో అరగంట కారులో పోతే వచ్చే పల్లె అది. క్రూజ్ జిల్లా. మనుషుల కంటే ఎర్రావులు ఎక్కువ కనిపించే ప్రాంతం. రాతి గోడల పశువుల కొట్టాన్ని బాగుచేసి ఒకాయన స్టూడియో పెట్టుకున్నాడు. బావతో పనిచేసినాయన అల్లుడు. ఇంజినీరూ ఆయనే, ఓనరూ ఆయనే, మధ్యాహ్నం వంటా ఆయనే. మనిషి తాటిచెట్టంత ఉంటాడు. నేను మనసులో 'దొర' అని పేరు పెట్టుకున్నాను. గోడకి ఆవుల్ని కట్టే ఇనుప కడియాలు అలాగే ఉన్నాయి. నా కుర్చీ సరిగ్గా ఒక కడియం పక్కన వేశాడు. నేనేమీ అనలేదు.

"ఇక్కడ ఎంత నిశ్శబ్దమో చూశావా?" అన్నాడు బావ గర్వంగా. అన్నాడో లేదో చర్చి గంట తొమ్మిది కొట్టింది. అయిపోయింది కదా అని తిత్తి తెరిచాను. రెండు నిమిషాలాగి మళ్ళీ తొమ్మిది కొట్టింది. ఇక్కడ చాలా పల్లెల్లో గంటలు అలా రెండేసిసార్లు కొడతారట. పొలంలో ఉన్నవాడు మొదటిసారి లెక్క తప్పితే రెండోసారి సరిచూసుకోవడానికని దొర చెప్పాడు. గంటలయ్యాక ట్రాక్టరు. ట్రాక్టరు అయ్యాక పక్కింటి మామ్మగారి కోడి.

ఆ కోడి సంగతి కొంచెం చెప్పాలి. మా కోనసీమలో కోడికి పందెం రోజుల్లోనే పరువు. అక్కడ దానికి ఏడాది పొడుగునా చట్టం ఉంది. 2019లో ఓలెరాన్ దీవిలో మోరిస్ అనే పుంజు తెల్లవారకుండానే కూస్తోందని పొరుగువాళ్ళు కోర్టుకి వెళ్ళారు. పుంజే గెలిచింది. అంతటితో ఆగలేదు. 2021 జనవరిలో పార్లమెంటు ఏకంగా చట్టమే చేసింది, పల్లెటూరి చప్పుళ్ళూ వాసనలూ దేశ వారసత్వ సంపద అని. కోడికూత, చర్చిగంట, పేడ వాసన, అన్నిటికీ గౌరవం ఇచ్చారు. ఎటొచ్చీ ఆ ఊళ్ళో చప్పుడు చేస్తున్నవాళ్ళందరిలో చట్టం అండ లేనివాణ్ణి నేనొక్కణ్ణే. పుంజుకి పడిన టేకులన్నీ కలిపితే దాని ఆల్బం నాకంటే ముందే బయటికొచ్చేది.

ఇక మొదటిరోజు. చెవులకి హెడ్‌ఫోన్సు తగిలించారు. పెట్టెకి ముందొకటి, వెనకొకటి మైకులు. మోహనలో ఒక పద్యం బాణీ, పాడేవాళ్ళు లేకుండా ఒట్టి పెట్టె మీద వాయించాను. అవగానే అద్దం అవతలి నుంచి దొర గొంతు చెవిలో వినపడింది.

"ఆంకోర్."

బావ వైపు చూశాను. "మళ్ళీ ఒకసారి అంటున్నాడు" అన్నాడు.

అంటే వన్స్‌మోర్! పద్యనాటకం ఎరిగినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, వన్స్‌మోర్ అంటే ఏమిటో. కృష్ణుడికి రాయబారంలో వన్స్‌మోర్ పడకపోతే ఆ కృష్ణుడు మర్నాడు ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. కొందరు నటులు ముందు వరసలో తమ మనుషుల్ని కూర్చోబెట్టి అరిపించుకుంటారు కూడా. ఎంత వన్స్‌మోర్ పడినా అది నటుడికే గానీ, కింద కూర్చున్న హార్మోనిస్టుకి ఎవడూ అనడు. అలాంటిది, భాష తెలియని దేశంలో, మొదటి పద్యానికే! లేచి అద్దం వైపు తిరిగి నమస్కారం పెట్టాను. దొర తెల్లబోయి తనూ పెట్టాడు.

రెండోసారి ఇంకొంచెం సంగతులు వేసి వాయించాను. "ఆంకోర్" అన్నాడు. మూడోసారి తారస్థాయికి వెళ్ళొచ్చాను. "ఆంకోర్." మనిషి రసికుడే అనుకున్నాను. ఏడోసారి దాకా అలాగే అనుకున్నాను. ఎనిమిదోసారి అన్నప్పుడు ఆ గొంతులో ఆనందం కంటే ఆవలింత ఎక్కువ ఉందనిపించింది. పదకొండోసారి బావని గట్టిగా నిలదీశాను.

"వన్స్‌మోరే రా," అన్నాడు బావ నేల చూపులు చూస్తూ. "బాగా రాలేదు కనక మళ్ళీ వాయించమని."

అప్పుడు తెలిసింది, అంతవరకూ ఏమేం రికార్డయ్యాయో. దొర లోపలికి పిలిచి వినిపించాడు. మొదటి దాంట్లో నా వేలి ఉంగరం మెట్టుకి తగిలి టకటకమంది. ఉంగరం తీశాను. రెండో దాంట్లో చొక్కా జేబులో చిల్లర. మూడో దాంట్లో మోకాలు. అయిదో దాంట్లో కడుపు, అదీ శ్రుతిలోనే. కాకపోతే అన్నిట్లోనూ ఒక ముసలిగొంతు సన్నగా మూలుగుతోంది.

"ఇదెవరు?" అన్నాడు దొర.

ఎవరో నాకూ తెలియలేదు. దయ్యమేమో అనుకున్నాను, బోయీ గుర్తొచ్చి. కాసేపు విన్నాక తెలిసింది, పద్యం నేనే పాడుకుంటున్నాను. పాడేవాడు లేకపోతే ఆ లోటు నోరు తనంతట తనే పూడ్చేస్తోంది. పెదాలు బిగించి వాయించమన్నారు. బిగిస్తే తిత్తి బిగిసిపోతోంది. చివరికి దొర నా నోట్లో ఒక చిన్న జున్ను ముక్క పెట్టి, కరిగిపోయేలోపు పద్యం పూర్తి చెయ్యమన్నాడు. వాసన చెప్పను. ఆ వాసనకి కూడా చట్టం అండ ఉండే ఉంటుంది.

ఇంత గొడవలో తిత్తి గురక మాత్రం దొరకి తెగ నచ్చింది. "పెట్టె ఊపిరి తీస్తోంది" అని దానికోసమే ఇంకో మైకు పెట్టాడు. మా నాన్న జీవితమంతా ఆ గురక పోగొట్టడానికి తోలు అతికిస్తూ గడిపాడు.

మర్నాడు బుధవారం. పన్నెండు కావస్తోంది. పద్యం చివరికొచ్చింది, ఈసారి అన్నీ కుదిరాయి. అప్పుడే ఆకాశం చిరిగిపోయినట్టు సైరను మోగింది. నేను పెట్టెని కావలించుకుని బల్ల కిందికి దూరిపోయాను. తప్పు నాది కాదు. 1996లో మా మీద తుఫాను విరుచుకుపడింది కూడా నవంబరు మొదటి బుధవారమే. ఆ రాత్రి మా నాన్న ముందు పెట్టెని అటక మీదికి ఎక్కించి, తర్వాత నన్ను ఎక్కించాడు. బల్ల కింద నుంచి చూస్తే దొర తాపీగా ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఫ్రాన్సు మొత్తం మీద ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి సైరన్లు పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటారట. 1 నిమిషం 41 సెకన్లు. దాని తర్వాత చర్చి పన్నెండు కొట్టింది. రెండు నిమిషాలాగి మళ్ళీ పన్నెండు కొట్టింది. ఇక రెండింటి దాకా భోజనం. ఆ వేళలో పని మాట ఎత్తితే ఆ దేశంలో మనిషి కింద లెక్కకట్టరు.

ఆ సాయంత్రం పక్కింటి మామ్మగారు తాళంచెవి పట్టుకుని వచ్చింది. ఎనభై దాటిన మనిషి. కోడి తరఫున క్షమాపణ చెప్పడానికి వచ్చిందనుకున్నాను. కాదు, చర్చిలో ఇలాంటిదే ఒకటి ఉందని చూపించడానికి తీసుకెళ్ళింది.

ఉంది. గోడ వారన, పైన ప్లాస్టిక్ పూలకుండీ, పక్కన చీపురు. కాళ్ళతో తొక్కే హార్మోనియం. మా పెట్టెకి అమ్మో, పెద్దమ్మో. తిత్తి గుడ్డ ఎలుకలు కొట్టేశాయి. కూర్చుని తొక్కాను. దాంట్లోంచి ముందు దుమ్ము వచ్చింది, తర్వాత ఒక నిట్టూర్పు, తర్వాత ఒకే ఒక్క స్వరం. మెట్టు వదిలేసినా ఆగలేదు. మా పెట్టె తెరిచి సరిచూశాను, రవ్వంత కింద ఉంది. 1859లో ఫ్రెంచి ప్రభుత్వం దేశమంతటికీ శ్రుతి ఇంత ఉండాలని ఆజ్ఞ జారీ చేసిందనీ, అది ఇప్పటి లెక్క కంటే కాస్త కిందనీ దొర చెప్పాడు. శ్రుతికీ ప్రభుత్వమే, కోడికీ ప్రభుత్వమే. ఏమైతేనేం, శ్రుతి దొరికింది కదా అని నోట్లో జున్ను లేకుండా, గొంతు విప్పి ఒక పద్యం పాడేశాను. మామ్మగారు పూలకుండీ పట్టుకుని నిలబడి వింది.

ఆఖరి రోజు ఆవిడ కొట్టంలోకి వచ్చి మూల స్టూలు మీద కూర్చుంది. దగ్గకూడదు, కదలకూడదు అని దొర రెండుసార్లు చెప్పాడు. కాటిసీను పద్యం ఒక్కటే మిగిలింది. మొదలుపెట్టాను. ట్రాక్టరు రాలేదు. గంటకి ఇంకా టైముంది. కోడి ఎక్కడికి పోయిందో. పెదాలు బిగించే ఉన్నాను, మోకాలు కూడా మాట వింది. ఆఖరి స్వరం పట్టి నిలబెట్టి మెల్లగా తిత్తి మూస్తున్నాను. అద్దం అవతల దొర వేలు పైకెత్తి ఆగమన్నాడు, రాతిగోడల్లో ఆ స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా. ఆరిపోతోంది. ఇంకొక్క క్షణం.

"బిస్!" అని అరిచింది మామ్మగారు. అరిచి చప్పట్లు కొట్టింది.

"బిస్ అంటే ఏంటి బావా?" అన్నాను హడలిపోయి.

బావ కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. "ఇక్కడ నాటకాల్లో వన్స్‌మోర్‌ని అలాగే అంటార్రా. ఇది అసలుదే."

హెడ్‌ఫోన్సులో దొర నిట్టూర్పు వినపడింది. "ఆంకోర్" అన్నాడు.

తిత్తి అందుకున్నాను. ఒకే పద్యానికి రెండు వన్స్‌మోర్లు. మా నాన్నకి కూడా మురమళ్ళలో ఒక్కసారే పడ్డాయి.