చిటపటల పంచాయితీ

మా అవ్వకు ఎనభై దాటినాయి. పళ్ళు పోయినాయి గానీ పాటలు పోలేదు. పోయినేడు ఎండాకాలం కల్యాణదుర్గం దగ్గర మా పల్లెకు పోయి, ఆమె పాటలన్నీ చిన్న రికార్డరులో పట్టుకొచ్చాను. మొత్తం 48 నిమిషాలు. అనంతపురం చేరి, లాప్‌టాపుకు ఆంప్లిఫయరూ స్పీకర్లూ తగిలించి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మీట నొక్కాను. అవ్వ గొంతు వచ్చింది. దాని వెనకే చిటపట, చిటపట.

"అవ్వ పాడుతోందా, తాలింపు పెడుతోందా?" అంది మా ఆవిడ.

మా ఊళ్ళో ఏ వస్తువు చెడినా మొదటి ముద్దాయి దుమ్మే. ఆంప్లిఫయరు వాల్యూం బిరడా తిప్పితే కరకరమంది. బిరడా లోపల ఒక పట్టీ, దాని మీద జారే ఒక నాలుక ఉంటాయి. వాటి మధ్య దుమ్ము చేరితే కరెంటు తడబడుతుంది. శుభ్రం చేసే స్ప్రే కొట్టి, బిరడాను ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవై సార్లు తిప్పాను. కరకర పోయింది. చిటపట పోలేదు. దొంగ దొరికాడు గానీ మన కేసులో దొంగ కాదు.

కరకర పోయాక దాని కింద ఇన్నాళ్ళూ నక్కి ఉన్న 'గుయ్' ఒకటి వినబడింది. ఛార్జరు పీకితే ఆగుతుంది, పెడితే మొదలు. లాప్‌టాపు లోహపు ఒళ్ళు తాకితే చేయి జుమ్మంటోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో ఎర్తు గుంత చూసి, "అన్నా, మీ ఎర్తు ఎండిపాయ" అన్నాడు. గుంతలో రేకు పాతి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోసేది తేమ నిలవడానికి. తడి ఉంటేనే దారి తప్పిన కరెంటు భూమిలోకి దిగుతుంది. ఎండిన మన్ను దాన్ని రానివ్వదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లాలో మన్ను ఎండిపోవడం వార్త కాదు గానీ, ఆ సంగతి స్పీకర్లో వినబడుతుందని నాకు తెలియదు.

"వారానికి రెండు బిందెలు పొయ్యన్నా, చాలు."

"కరివేపాకు చెట్టుకు పొయ్యమంటే నీళ్ళు లేవంటారు. కరెంటుకు పోస్తారా?" అంది మా ఆవిడ. పంచాయితీ రాత్రి దాకా నడిచి, బియ్యం కడిగిన నీళ్ళు చెట్టుకూ, గిన్నెలు కడిగిన నీళ్ళు ఎర్తుకూ అని తీర్పయింది. మూడో రోజుకు గుయ్ ఆగింది. చిటపట ఆగలేదు.

అప్పుడు మావాడు రంగంలోకి దిగాడు. "బఫర్ చిన్నదుంది నాన్నా" అన్నాడు. అదేమిటో మూడు సార్లు చెప్పినా నా బుర్రకెక్కలేదు. నాలుగోసారి నాకు నేనే చెప్పుకున్నాను: పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్! తుంగభద్ర నుంచి కాలువ నీళ్ళు వచ్చినప్పుడు నింపుకొని, రానప్పుడు వాడుకోవడం. కంప్యూటరు కూడా పాటను కొంచెం కొంచెంగా తొట్టిలో పోసుకొని స్పీకరుకు వదులుతుంది. నడుమ దానికి వేరే పనేదో తగిలి తొట్టి ఖాళీ అయితే అక్కడ శబ్దం తెగి టక్కుమంటుంది. మా తొట్టి 256 శాంపిళ్ళది. సెకనుకు 44,100 లెక్కన ఆరు మిల్లీసెకన్లకు కూడా చాలదు. రోజు విడిచి రోజు కొళాయి వచ్చే ఇంట్లో చెంబుతో నీళ్ళు పట్టుకున్నట్టు. 1024 చేశాడు. చిటపట సగం తగ్గింది. సగమే.

మొదటి రోజే చేయాల్సిన పరీక్ష ఐదో రోజున చేశాను. అదే ఫైలును ఫోన్లో వినిపించి, చిటపట ఏ నిమిషంలో వస్తోందో రాసుకోవడం. ఒక్కో యంత్రంలో ఒక్కోచోట వస్తే తప్పు యంత్రానిది. ఎక్కడ విన్నా అదే చోట వస్తే తప్పు రికార్డింగుదే. ఇది ముందే చేసి ఉంటే, గిన్నెల నీళ్ళతో సహా చాలా మిగిలేవి. (ఎర్తు మాత్రం బాగుపడింది. అది పాటకు కాకపోయినా ప్రాణాలకు మంచిది.) రెండింట్లోనూ మిగిలిన చిటపట చెక్కు చెదరకుండా అదే చోట ఉంది.

ఇక ఫైలును తెర మీద పెద్దది చేసి చూశాను. అవ్వ గొంతెత్తిన ప్రతిచోటా, గుత్తి కొండ కొనను ఎవరో రంపంతో కోసినట్టు శబ్దపు అలల తలలు బల్లపరుపుగా ఉన్నాయి. 16 బిట్ల రికార్డింగులో గడప నుంచి ద్వారబంధం దాకా ఎత్తు 32,767. అంతకు మించి ఎవరొచ్చినా తల తెగాల్సిందే. పెద్దావిడ గొంతు సన్నగా ఉంటుందని రికార్డరులో శబ్దం పెంచే బిరడాను చివరికంటా తిప్పింది నేనే. పాడుతున్నంతసేపూ ఎర్ర దీపం మిణుకు మిణుకుమంటుంటే, పాపం బాగా పనిచేస్తోంది అనుకున్నాను. అది ఆ యంత్రం మొత్తుకోవడమట. తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్ళారి రాఘవ మైకులు లేని కాలంలో నాటకశాల చివరి వరసకు వినిపించిన జిల్లా ఇది. చెరువు అవతల మేసే ఎనుములను ఇవతల నుంచి పిలిచిన గొంతు సన్నదని నేనెట్లా అనుకున్నానో!

తెగిన తలలను ఊహించి అతికించే సాఫ్ట్‌వేరు ఉంది. అది ఊహే, పోయింది తిరిగి రాదు. మా జిల్లాలోనే 1893లో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి చేతికి అన్నమయ్య రాగిరేకులు వచ్చినప్పుడు వాటి మీద మాట ఉంది, రాగం పేరుంది, వరస లేదు. ఆయన మహానుభావుడు, ఎన్నో పాటలకు వరసలు కట్టారు. నా దగ్గర మాటా వరసా రెండూ ఉండి, నడుమ నేను కోసిన అవ్వ గొంతుంది.

అతుకు పని అయ్యాక కూడా, అవ్వ మెల్లగా పాడే చోట సన్నటి చిటపట మిగిలింది. అక్కడ తలలు తెగలేదు. టిక్కులు తీసేసే మందొకటి వేస్తే టిక్కులతో పాటు అవ్వ 'ట'లూ 'చ'లూ కూడా కొట్టుకుపోయి, ఆమె బావిలో మునిగి పాడుతున్నట్టయింది. చేసింది వెనక్కి తీసుకున్నాను.

ఆ సాయంత్రం పక్కింటి పెద్దాయన వచ్చాడు. నలభై ఏళ్ళు సేద్యం చేసి పిల్లల దగ్గరికి టౌనుకు చేరిన మనిషి. రెండు నిమిషాలు కళ్ళు మూసుకొని విన్నాడు.

"ఇది శెనక్కాయలు ఒలిచే సద్దు గదప్పా!"

ఇంకొంచెం విన్నాడు. "కే-6 రకం గాదు. టీఎంవీ-2."

నవ్వాపుకొని అవ్వకు ఫోన్ చేశాను. "అవ్వా, ఆ పొద్దు పాడేటప్పుడు ఏం చేస్తాంటివి?"

"ఇత్తనాలు ఒలుస్తాంటిమి గదరా. మిషన్లో వేస్తే పప్పు పొట్టు లేస్తాది, మొలక రాదు. చేతులు ఊరికే ఉంటే పాట యాడొస్తాది?"

"ఏం రకం?"

"పాతదే. టీఎంవీ."

ఎర్ర దీపం వంక చూస్తూ కూర్చున్నవాడికి ఎదురుగా చేటలు పెట్టుకున్న ఐదుగురు ఆడవాళ్ళు కనబడలేదు. రికార్డరు పెట్టింది కూడా అవ్వ చేట పక్కనే. ఆ చిటపటను అట్లాగే ఉంచేశాను.

తల తెగిన పాట ఒక్కటి మళ్ళీ పాడమని అడిగాను. "ఇప్పుడు ఒలిచేదానికి ఏముందిరా? మళ్ళా ఏడు వాన పడనీ, పదునైతే ఇత్తనాలు ఒలుస్తాం. అప్పుడు రా" అంది.

ఆ మళ్ళా ఏడు వచ్చింది. ఈసారి మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గుర్తు పెట్టి, రికార్డరుకు కొత్త బ్యాటరీలు వేసి ఉంచాను. జూన్ పోయింది, జూలై సగం పోయింది. మా పల్లెలో పదును వాన ఇంకా పడలేదు.