సానుభూతి: 3కి 2.37

సోషల్ వర్క్‌లో డిగ్రీ చదివే అమ్మాయికి సాటి మనిషి మీద ఎంత సానుభూతి ఉందో ఇప్పుడు దశాంశాలతో సహా చెప్పేస్తున్నారు. మూడుకి రెండు పాయింట్ మూడు ఏడు అనుకుందాం. ఈ అంకె ఎలా వచ్చిందని అడిగితే బీఎస్‌డబ్ల్యూ మాస్టారు ఆ అమ్మాయిని పిలవరు. ల్యాప్‌టాప్ మన వైపు తిప్పి ఎక్సెల్ షీటు చూపిస్తారు.

ఆ షీటు చూడముచ్చటగా ఉంటుంది. ప్రతి పేపరుకూ ఐదు కోర్స్ అవుట్‌కమ్‌లు, ముద్దుగా సీఓలు. డిగ్రీ మొత్తానికి పది పన్నెండు ప్రోగ్రామ్ అవుట్‌కమ్‌లు, అవి పీఓలు. నిలువుగా ఐదు, అడ్డంగా పన్నెండు వేసుకుంటే ఒక్క పేపరుకే అరవై గళ్లు. సీఓకీ పీఓకీ గట్టి సంబంధం ఉంటే 3, మోస్తరుగా ఉంటే 2, ఉందో లేదో తెలియకపోతే 1, అసలు లేదనుకుంటే ఒక గీత. నింపేది ఆ పేపరు చెప్పే మాస్టారే. అన్ని గళ్లలో 3 వేస్తే తనిఖీ కమిటీకి అనుమానం, అన్నిట్లో 1 వేస్తే ప్రిన్సిపాల్‌గారికి కోపం. అందుకని ముగ్గులో రంగు అద్దినట్టు అక్కడక్కడా 2 చల్లుతారు. ఆ పైన ఇంటర్నల్ పరీక్షలో అరవై శాతం దాటినవాళ్లు ఎందరు, సెమిస్టర్‌లో ఎందరు అని లెక్క తీసి, గళ్లలోని అంకెలతో గుణించి, భాగించి, సగటు కడతారు. టార్గెట్ 2.0. వచ్చింది 2.37. పక్క గడి ఆకుపచ్చగా మారి ‘అటెయిన్డ్’ అంటుంది. టార్గెట్ ఎవరు పెట్టారంటారా? ఆ విభాగమే. సాధించిందెవరు? ఆ విభాగమే. సాధించారని ధ్రువీకరించిందీ వాళ్లే. పరీక్ష రాసి, దిద్దుకుని, మార్కులు వేసుకునే అవకాశం ఈ దేశంలో పిల్లలకు లేదు గాని కాలేజీలకు ఉంది.

ఈ షీటు పుట్టిల్లు సోషల్ వర్క్ కాదు, ఇంజనీరింగ్. మన ఇంజనీరింగ్ డిగ్రీకి విదేశాల్లోనూ విలువ ఉండాలని వాషింగ్టన్ ఒప్పందంలో చేరాలనుకున్నాం. 2014 జూన్‌లో నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ ద్వారా భారత్ అందులో శాశ్వత సభ్యత్వం తెచ్చుకుంది. ఆ ప్రయాణంలోనే పన్నెండు పీఓల జాబితా కాలేజీల గోడలకెక్కింది. వంతెన కట్టేవాడికి లెక్క తెలుసా లేదా అని చూడటంలో తప్పేమీ లేదు. తెలియకపోతే వంతెన కూలుతుంది, అందరికీ కనబడుతుంది. 2017లో కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ తన కొత్త చట్రం తెచ్చినప్పుడు రెండో ప్రమాణంలో విద్యార్థుల అభ్యసన ఫలితాలకు ఒక విభాగం కేటాయించి, పీఓలూ సీఓలూ ప్రకటించారా, వాటి సాధన లెక్కకట్టారా అని అన్ని కాలేజీలనూ అడిగింది. బీఏ తెలుగు నుంచి బీఎస్‌డబ్ల్యూ దాకా అందరికీ ఒకే కొలబద్ద. సోషల్ వర్క్‌లో కూలేది వంతెన కాదు, ఒక కుటుంబం. అది కూలితే ఆ కాలేజీకి కబురు కూడా అందదు.

అయితే పాపమంతా ఇంజనీర్ల నెత్తిన రుద్దడం అన్యాయం. కొలతల మీద మోజు సోషల్ వర్క్‌కి చిన్నతనం నుంచీ ఉంది. 1915లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జరిగిన మహాసభకు అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనే పెద్దమనిషిని పిలిచారు. అంతకు ఐదేళ్ల ముందు ఆ దేశపు వైద్య కళాశాలలను చీల్చి చెండాడుతూ నివేదిక ఇచ్చినాయన. సోషల్ వర్క్ ఒక వృత్తేనా అన్నది ప్రసంగాంశం. ఇంకా కాదని ఆయన తేల్చి చెప్పి వెళ్లిపోయాడు. వందేళ్లు దాటినా ఆ మాట ఈ రంగానికి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. డాక్టరుకు స్టెతస్కోపు, లాయరుకు నల్లకోటు ఉన్నట్టు తమకూ ఏదో ఒకటి ఉండాలన్న తాపత్రయం. చివరికి ఎక్సెల్ దొరికింది.

ఇప్పుడు ఆ అమెరికాలో ఏం జరుగుతోందో చూడండి. అక్కడ సోషల్ వర్క్ డిగ్రీలకు గుర్తింపు ఇచ్చేది కౌన్సిల్ ఆన్ సోషల్ వర్క్ ఎడ్యుకేషన్. 2008లో ఆ మండలి పట్టభద్రుడికి పది సామర్థ్యాలు ఉండాలంది, వాటిని నలభై ఒక్క ప్రవర్తనలుగా విడగొట్టింది. 2015 వచ్చేసరికి సామర్థ్యాలు తొమ్మిది, ప్రవర్తనలు ముప్ఫై ఒకటి. 2022లో తొమ్మిది అలాగే ఉన్నాయి, ప్రవర్తనలు ఇరవైకి దిగాయి. పద్నాలుగేళ్లలో మంచి సోషల్ వర్కర్ లక్షణాలు సగానికి సగం తగ్గాయన్నమాట. మనుషులు మారారా, గళ్లు నింపి నింపి మాస్టార్ల వేళ్లు నొప్పెట్టాయా అన్నది పాఠకుల ఊహకే వదిలేద్దాం. అక్కడ బీఎస్‌డబ్ల్యూ విద్యార్థి కనీసం 400 గంటలు ఫీల్డ్‌లో పనిచేయాలి. ఆ పిల్లల సామర్థ్యానికి అంకెలు వేసేవాళ్లలో ముఖ్యులు అక్కడి ఏజెన్సీలో పర్యవేక్షించే ఉద్యోగులు. సాధారణంగా ఆ పనికి కాలేజీ వాళ్లకు జీతమేమీ ఇవ్వదు. తన కేసులతోనే సతమతమయ్యే మనిషి శుక్రవారం సాయంత్రం ఫారం ముందు కూర్చుంటే ఐదుకి నాలుగు కాక ఇంకేం వేస్తారు? రెండు వేస్తే ఎందుకు వేశారో రాయాలి, మీటింగ్ పెట్టాలి, పిల్ల ఏడుస్తుంది. నాలుగు వేస్తే ఇంటికి పోవచ్చు. ఇంత శాతం మంది ఇంత స్కోరు దాటాలన్న గీతను అక్కడా కాలేజీయే గీసుకుంటుంది. ఫలితాలను వెబ్‌సైట్‌లో పెట్టాలన్న నిబంధన కూడా ఉంది, పెడతారు. గీత కింద పడినవాళ్లు బహు అరుదు.

మన దగ్గర ఈ చదువు మొదలైన తీరు వేరు. క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ 1926లో బొంబాయి నాగ్‌పాడా వాడలో ఒక నైబర్‌హుడ్ హౌస్ తెరిచాడు. పదేళ్లు ఆ వాడలో పనిచేశాక, 1936లో ఆయనే డైరెక్టరుగా సర్ దొరాబ్జీ టాటా పేరిట సోషల్ వర్క్ స్కూలు పుట్టింది. అదే తర్వాత టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. ముందు వాడ, తర్వాత బడి. ఆ వరస నుంచే వారానికి రెండు రోజుల ఫీల్డ్‌వర్క్, రోజూ రాసే డైరీ, మాస్టారితో విడిగా కూర్చుని మాట్లాడే ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్, అందరూ కలిసి మాట్లాడే గ్రూప్ కాన్ఫరెన్స్ స్థిరపడ్డాయి. పిల్లల భాషలో ఐసీ, జీసీ. అంటే పిల్ల ఏం నేర్చుకుందో తెలుసుకునే ఏర్పాటు ఈ చదువులో మొదట్నుంచీ ఉంది. డైరీ చదవాలి, ఎదురుగా కూర్చుని అడగాలి. అంతే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. బీఎస్‌డబ్ల్యూ రెండో ఏడాది అమ్మాయి. బుధ, గురువారాలు ఫీల్డ్. ఆమెకిచ్చిన బస్తీలో ఒక ముసలామెకు పెన్షన్ మెషీన్ మీద వేలిముద్ర పడటం లేదు. నాలుగిళ్లలో అంట్లు తోమి తోమి వేళ్ల గీతలు అరిగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధుల పెన్షన్ 2024 జూలై నుంచి నెలకు నాలుగు వేలు. ఆ ఇంట్లో అద్దే మందులే అన్నీ అందులోంచే. గురువారం అమ్మాయి ఆమెను వెంటబెట్టుకుని సచివాలయానికి వెళ్తుంది. సర్వర్ డౌన్. మధ్యాహ్నం దాకా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటారు. వేలిముద్ర పడనివాళ్లకు కంటిపాపతో సరిచూసే వేరే దారి ఉంటుందని క్లాసులో విన్న గుర్తుంది అమ్మాయికి. కానీ ఆ సీట్లో ఉన్నాయన్ని అడగడానికి ధైర్యం కూడదీసుకోవడానికే గంటన్నర పట్టింది. చివరికి లేచి, “సార్, మామ్మగారికి కన్ను పెట్టి చూస్తారా?” అంది. “సర్వర్ రానీమ్మా, చూద్దాం” అన్నాడాయన. సర్వర్ రాలేదు.

“రేపొస్తావా అమ్మా?” అంది ముసలామె.

రేపు శుక్రవారం. ఫీల్డ్ రోజు కాదు, ఇంటర్నల్ పరీక్ష ఉంది. అమ్మాయి పరీక్ష ఎగ్గొట్టి వెళ్లింది. పెన్షన్ పని అయింది.

ఇప్పుడు షీటు దగ్గరికి వద్దాం. శుక్రవారం నాటి ప్రశ్న: ‘సోషల్ వర్కర్‌కు ఉండవలసిన లక్షణాలను వివరింపుము.’ ఆమె రాయలేదు కాబట్టి సున్నా. ఆ సున్నాతో ‘ప్రజల పక్షాన నిలబడి మాట్లాడే సామర్థ్యం’ అనే సీఓలో ఆమె అరవై శాతం దాటలేదు. పక్క బెంచీ కుర్రాడు గైడు చూసుకుని తొమ్మిది లక్షణాలు బట్టీపట్టి రాశాడు, ఎనిమిదిన్నర వచ్చింది. సామర్థ్యం అటెయిన్డ్. పైగా అమ్మాయికి హాజరు డెబ్బై ఐదు శాతానికి తగ్గేలా ఉందని ఇంటికి ఉత్తరం కూడా వెళ్తుంది.

మరి డైరీ? గంటన్నర భయం అందులో ఉండాలి కదా! ఉండదు. సీనియర్ల డైరీల్లోంచి తరతరాలుగా దిగుమతి అవుతున్న వాక్యాలు కొన్ని ఉన్నాయి: క్లయింట్‌తో రాపో ఏర్పడింది, సమస్యను గుర్తించడమైనది, తగు కౌన్సెలింగ్ ఇవ్వడమైనది. ఆ అమ్మాయీ అవే రాసింది. నిజం రాస్తే ఎవరు చదువుతారు గనక? ఐసీ గంటలో మాస్టారు షీటు నింపుతుంటారు. డైరీ చివర తేదీ వేసి సంతకం పెట్టడానికి ఐదు సెకన్లు చాలు. పిల్ల ఏం నేర్చుకుందో నిజంగా చెప్పగల ఒకే ఒక్క కాగితాన్ని, పిల్ల ఏం నేర్చుకుందో లెక్కగట్టే పనిలో పడి చదవడం మానేశారు.

సీఓలు ఎలా రాయాలో నేర్పే వర్క్‌షాపులు ఇంకో వినోదం. బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో తెచ్చిన ఆరు మెట్ల వర్గీకరణను రంగుల పిరమిడ్‌గా చూపిస్తారు. 2001లో సవరించిన రూపం ప్రకారం గుర్తుంచుకొను నుంచి సృష్టించు దాకా క్రియల పట్టిక చేతికిస్తారు. అదే బృందం మనుషుల భావాలు, విలువలు ఎలా ఎదుగుతాయో చెబుతూ 1964లో రెండో సంపుటం తెచ్చింది. సోషల్ వర్క్ పిల్లలకు అసలు కావలసింది అదే. దాని ఊసు మాత్రం రాదు. దానికి రంగుల పిరమిడ్ లేదు మరి.

విద్యార్థుల అభిప్రాయం కూడా తీసుకుంటారు, తీసుకోరని కాదు. దాన్ని పరోక్ష మూల్యాంకనం అంటారు. ఇరవై శాతం దాకా వెయిటేజీ ఇచ్చే కాలేజీలున్నాయి. కోర్సు చివర ఒక గూగుల్ ఫారం వస్తుంది: ‘మీరు సామాజిక న్యాయం పట్ల నిబద్ధత సాధించారా? 1 నుంచి 5 వరకు.’ బస్సెక్కుతూ ఫోన్‌లో నింపిన ఐదులన్నీ కలిసి సామాజిక న్యాయం అవుతాయి. ముసలామెకు మాత్రం ఏ ఫారమూ వెళ్లదు. ఈ మొత్తం వ్యవహారంలో ఆ అమ్మాయి పనిని కళ్లారా చూసిన సాక్షి ఆమె ఒక్కతే.

దుర్గాబాయమ్మను, అంటే దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను, ఈ పట్టికలో పెట్టి చూడండి. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభలో ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర పద్నాలుగేళ్ల వాలంటీరు. టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. టికెట్ కొని చూపించాకే లోపలికి వెళ్లనిచ్చింది. నేటి రూబ్రిక్ ప్రకారం నిబంధనల పాలన: 3. వాటాదారులతో సత్సంబంధాలు: 1. సందర్భోచిత ప్రవర్తన: గీత, అంటే సున్నా. సగటు రెండుకి దిగువన, టార్గెట్ అందలేదు, రెమెడియల్ క్లాసుకు పంపాలి. ఆ పిల్లే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించింది, రాజ్యాంగ సభలో కూర్చుంది, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైంది. ఆ ‘అవుట్‌కమ్’ బయటపడటానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. ఎక్సెల్ షీటు సెమిస్టర్ ఆఖరి శనివారం మూసేస్తారు.

షీటు లేని పాతరోజులు స్వర్ణయుగమని ఎవరూ అనడం లేదు. వైవాలో ఇంగ్లీషు గడగడా మాట్లాడినవాడికి, హెచ్‌ఓడీ గారికి నచ్చినవాడికి మార్కులు పడేవి. నోరు లేని ఊరి పిల్లకి పడేవి కావు. ముందే రాసిపెట్టిన ప్రమాణాలు ఉంటే ఆ పక్షపాతం తగ్గుతుందని ఆశించినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ పక్షపాతం పోలేదు. అది కాస్తా మూడు, రెండు, ఒకటి వేషం వేసుకుంది. మునుపు మాస్టారిని నిలదీయొచ్చు. ఇప్పుడు “ఫార్ములా అలా వచ్చిందమ్మా” అంటారు.

అంకెల పక్కన డబ్బు నిలబడితే ఏమవుతుందో గుంటూరు జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో అక్కడి ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయానికి ఏ ప్లస్ ప్లస్ గ్రేడు కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణపై, న్యాక్ తనిఖీ బృందం చైర్మన్‌తో సహా పలువురిని సీబీఐ అరెస్టు చేసింది. నగదు, ల్యాప్‌టాప్‌లు పట్టుకున్నట్టు ప్రకటించింది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. ఈలోగా ప్రతి కాలేజీలోనూ షీట్లు యథావిధిగా ఆకుపచ్చగా మారుతున్నాయి.

చేయదలిస్తే పని చిన్నదే. బీరువాలోంచి పది డైరీలు చేతికందినవి తీసి, రాసిన పిల్లల్ని కూర్చోబెట్టి, “ఆ రోజు అసలేం జరిగింది?” అని అడగాలి. వాళ్లు వెళ్లిన ఏజెన్సీకి, వాళ్లు కలిసిన ఇళ్లలో ఒకటి రెండింటికి ఫోన్ చేయాలి. ఒక విభాగానికి రెండు మధ్యాహ్నాలు చాలు. షీటు నింపడానికి ఏటా ఎన్ని మధ్యాహ్నాలు పోతున్నాయో విభాగాధిపతులకు బాగా తెలుసు. కానీ ఆ లెక్క చెప్పమని న్యాక్ ఫారంలో ఎక్కడా గడి లేదు.